మూడు నీలి గీతలు

పోయినవారం జయశీలను ఇన్‌స్పెక్షన్ గదిలో, చేతిలో మైక్రోమీటరుతో వదిలేసి వచ్చాం. ఆమె ఇంకా అక్కడే నిలబడి ఉంది. ఈ వారమే మనతో కలిసినవాళ్లకు నాలుగు ముక్కలు చెప్పేసి ఆమె దగ్గరికి పోదాం.

చైనాతో యుద్ధం జరిగిన మరుసటి ఏడు, మైపాడు పక్క ఉప్పుటేటి గట్టున ఒక బోట్ల వర్కుషాపు వెలిసింది. తెప్పల మీద వేటకు పోయేవాళ్లకు ఇంజను బోట్లు కట్టి ఇవ్వడం దాని పని. మొదటి విడతలో నాలుగు బోట్లు కట్టారు. ఇంజను దగ్గర్నుంచి నీళ్లలో తిరిగే పంకా దాకా పోయే ఉక్కు షాఫ్టు, బోటు వెనకభాగంలో ఒక కంచు బుష్షు లోపల తిరుగుతుంది. చూస్తే జానెడు గొట్టం, అంతే. కానీ షాఫ్టుకూ దానికీ మధ్య వెంట్రుకంత సందు ఉండితీరాలి. సందు లేకపోతే రెండూ ఒరుసుకుని వేడెక్కి, షాఫ్టు బిగుసుకుపోతుంది. బోటు నడిసముద్రంలో ఉత్త కట్టెముక్క అయిపోతుంది. అలా జరగకుండా ప్రతి బుష్షునూ కొలిచి, సరిగ్గా ఉన్నదాని అంచున ‘జ’ అని చిన్న ముద్ర కొట్టడం జయశీల ఉద్యోగం.

ఆమె భర్త యెహోషువ మూడో నంబరు బోటుకు ఇంజను డ్రైవరు. నాయుడుపేటలో లారీ మెకానిక్కుగా ఉన్నవాడు, పెళ్లానికి ఇక్కడ ఉద్యోగం దొరికిందని మొన్న వేసవిలో ఆమె వెంట పెట్టే బేడా మోసుకుని వచ్చాడు. మొగుడి వెంట పెళ్లాం రావడమే తప్ప ఇంకోటి ఎరగని ఆ తీరం, కొన్నాళ్లు వాళ్లిద్దరినీ చూసి ముసిముసిగా నవ్వుకుంది. యెహోషువ కూడా వాళ్లతో కలిసి నవ్వాడు. అదీ ఆయన తత్వం.

ఇక పోయినవారం చెప్పుకున్నదేమిటంటే, ఆ రోజు పొద్దున ఒకటో నంబరు బోటు తెడ్లు వేసుకుంటూ తిరిగి వచ్చింది. గాలి ముదురుతోందని ఇంజను జోరు పెంచి ఒడ్డుకు పరిగెత్తిస్తుంటే, దారిలోనే షాఫ్టు పట్టేసిందట. అలలు ఇంకా లేవలేదు కనక మనుషులు క్షేమం. జయశీల కొలిచే పనిముట్లుండే గేజి పెట్టె తెరిచింది. అందులో ప్లగ్గు ఉంటుంది. ప్లగ్గు అంటే అద్దంలా సానబట్టిన గుండ్రటి ఉక్కు కడ్డీ. అది బుష్షులో దూరితే బుష్షు పాసు, దూరకపోతే ఫెయిలు, మధ్యలో మాట లేదు. ఆ ప్లగ్గును ఆమె మైక్రోమీటరు మధ్య పెట్టి కొలిచింది. రెండు థౌలు సన్నబడి ఉంది. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. రెండు థౌలు కంటికి ఆనేది కాదు, వేలికీ తగిలేది కాదు, కానీ మనుషుల ప్రాణాలు తియ్యడానికి చాలు. పెట్టెలో ఉన్న ఉక్కు దానంతటది చిక్కిపోదు. ఎవరో చెయ్యిపెట్టారు.

అక్కడ ఆగాం.

జయశీల ప్లగ్గును గుప్పిట్లో బిగించి గదిలోంచి బయటికి వచ్చింది. ఆమె అనుమానం నేరుగా మేనేజరు మీదకే పోయింది. పోకుండా ఎలా ఉంటుంది?

కిందటి నెలలో బుష్షులు తయారై ఆమె ముందుకు వచ్చినప్పుడు, నాలుగు బోట్లకు నాలుగూ, అదనంగా చేసిన ఒకటీ, ఐదింటిలో ఒక్కదాంట్లోనూ ప్లగ్గు దూరలేదు. అంచు దగ్గరే మొండికేసింది. కానీ కొత్తగా తెప్పించిన ముల్లు గేజి ఉంది కదా, బుష్షులోకి దించితే దాని రెండు కొనలూ ఇటూ అటూ ఆనుకుని, పైనున్న ముల్లు లోపలి వెడల్పు ఎంతో చూపిస్తుంది. దాన్ని దించి ఎటు తిప్పి చూసినా వెడల్పు ఉండాల్సినంత ఉంది. ముల్లు ఇసుమంతైనా కదల్లేదు. ఒక గేజి సరేనంటోంది, ఇంకోటి కాదంటోంది. మేనేజరు వచ్చి రెండూ చూసి, తప్పు ప్లగ్గుదేనని తేల్చేశాడు. ఉప్పుగాలికి తుప్పు పట్టి లావెక్కి ఉంటుందన్నాడు.

ఈ తీరంలో ఉప్పుగాలి మీద పడని నింద లేదు. తలుపు గడియ పడకపోతే ఉప్పుగాలి, సైకిలు గొలుసు తెగితే ఉప్పుగాలి, పెట్రోమాక్సు దీపం మొరాయిస్తే ఉప్పుగాలి, పిల్లవాడు పరీక్ష తప్పితే కూడా ఆ గాలే మెదడుకు పట్టిందనే మహానుభావులున్నారు. నిజం చెప్పాలంటే ఆ గాలి చేసే చెరుపు కూడా తక్కువేమీ కాదు. కత్తిపీట దగ్గర్నుంచి చర్చి గంట గొలుసు దాకా దేనికైనా వారానికోసారి నూనె పట్టించకపోతే ఎర్రగా పెచ్చులు లేస్తుంది. అందుకే మేనేజరు ఆ మాట అనగానే చుట్టూ ఉన్నవాళ్లందరూ అవునవునని తలలూపారు.

జయశీల మాత్రం ఊపలేదు. ప్లగ్గు పోనిదే ముద్ర కొట్టనంది. ఆయన అందరి ముందూ నానా మాటలూ అన్నాడు. ఆడవాళ్లకు కొలతలు అప్పజెబితే ఇంతేననీ, బోట్లు నీళ్లలో దిగే రోజు ఆమె వల్లే తప్పిపోతుందనీ అన్నాడు. ఆమె కళ్లనీళ్లు కుక్కుకుని, శనివారం నాయుడుపేట చర్చిలో కోత పండుగకు వెళ్లిపోయింది. అక్కడ మోకాళ్ల మీద కూర్చుని అడిగిందల్లా ఒక్కటే, ఆ ప్లగ్గు పోయేట్టు చెయ్యి ప్రభువా అని. సోమవారం వచ్చి మళ్లీ పెట్టి చూస్తే ప్లగ్గు ఐదింట్లోనూ మెత్తగా దిగిపోయింది.

ఎంత సంతోషించిందంటే, ఎందుకు దిగిందని ఆమె అడగలేదు. ప్లగ్గును ఒక్కసారి కొలిచి ఉంటే ఆ రోజే బయటపడేది. కొలవలేదు. దేవుడు చేసిన మేలును మైక్రోమీటరు పెట్టి కొలవడానికి ఎవరికి చేతులొస్తాయి? ఐదింటికీ ముద్రలు కొట్టేసింది. మూడో నంబరు బోటుకు బుష్షు బిగించేటప్పుడు యెహోషువ దాని అంచున ఉన్న ‘జ’ను బొటనవేలితో తడిమి, ఇది నువ్వు చూసిందే కదా, ఇంక నాకేం భయం అన్నాడు.

ఇప్పుడు మేనేజరు జీపేసుకుని నెల్లూరు వెళ్లి ఉన్నాడు. జయశీలకు ఆ వర్కుషాపులో మనసు విప్పి మాట్లాడగలిగిన మనిషి ఒక్కడే. ఆయన లోహాన్ని తిప్పుతూ చెక్కే లేతు యంత్రం పనివాడు మౌలా. ఆ బుష్షులు తయారుచేసింది ఆయనే. తండ్రి వయసువాడు. మధ్యాహ్నం అన్నానికి కూర్చున్నప్పుడు భార్య బీజాన్ పంపిన కూరలో సగం ఈ పిల్ల గిన్నెలో వేసేదాకా తను ముద్ద ముట్టడు. ప్లగ్గు ఆయన ముందు పెట్టి, మేనేజరు ఎంత పని చేశాడో చూడమని చెప్పాలనీ, ఇద్దరం సాక్ష్యం చెబుదామని అడగాలనీ ఆమె వెళ్లింది. 

మౌలా లేతు ఆపి, చేతులు తుడుచుకుంటూ అంతా విన్నాడు. ప్లగ్గు వంక చూశాడు గానీ ముట్టుకోలేదు.

“మేనేజరు జోలికి పోబాకు బిడ్డా,” అన్నాడు. “దాన్ని రుద్దింది నేను.”

జయశీలకు ఆ మాట చెవిన పడింది గానీ తలకెక్కలేదు. ఆయన నెమ్మదిగా చెప్పుకుపోయాడు. ఆమె కోత పండుగకు వెళుతూ గది తాళంచెవి ఆయన చేతికే ఇచ్చింది. ప్రతి శనివారం గేజిలన్నీ తుడిచి ఆముదం రాయడం వర్కుషాపు ఆచారం. ఆ వారం తను ఉండటం లేదు కనక ఆ పని చూడమని ఆమే బతిమాలింది. ఆయన గేజిలన్నింటికీ ఆముదం రాశాడు. చివర్న ప్లగ్గు చేతికొచ్చింది. మేనేజరు అన్న మాటలు, ఆమె కళ్లనీళ్లు గుర్తొచ్చాయి. దాన్ని లేతుకు బిగించి, లోహాన్ని సానబట్టే సన్న ఎమరీ గుడ్డకు నూనె పట్టించి రుద్దాడు. బుష్షులో పెట్టి చూడటం, పోకపోతే మళ్లీ రుద్దటం.

“తుప్పు పట్టిందనుకున్నా,” అన్నాడు. “మా ఇంట్లో బీజాన్ కత్తిపీట రుద్దినట్టే రుద్దినా. అది బుష్షులోకి పోయి నీకు మంచి మాట వస్తే చాలనుకున్నా.”

“తుప్పయితే గుడ్డకు ఎర్రగా అంటుకోవాల గదా మామా. అంటుకున్నిందా?”

మౌలా చేతి గుడ్డను మడిచి, మళ్లీ విప్పాడు.

“లేదు. నల్లగా అంటింది, ఉక్కు అంటినట్టు. చూస్తానే ఉన్నా. అయినా అది బుష్షులో పోయిందాకా రుద్దతానే ఉన్నా.”

ఆయన అబద్ధం చెప్పి ఉంటే బాగుండేదని జయశీలకు అనిపించింది. తిట్టడానికి ఒక మనిషి దొరికేవాడు. ఎదురుగా ఉన్నది తనకు కూర వడ్డించే మనిషి. తను మోకాళ్ల మీద కూర్చుని అడిగినదాన్ని, అదే సమయంలో ఇక్కడ నూనె గుడ్డతో తీర్చిపెట్టిన మనిషి.

మౌలాకు ఇంకా ఒక ఆశ మిగిలే ఉంది. ప్లగ్గు సంగతి ఎట్లా ఉన్నా తన బుష్షులు మంచివేనన్నాడు. ముల్లు గేజి ఎటు తిప్పినా సరేనన్నది కదా, ఒకటో నంబరు బోటులో ఇసుకో నాచో దూరి ఉంటుందన్నాడు. జయశీల కూడా ఆ మాటను గట్టిగా పట్టుకుంది. నిజం చెప్పొద్దూ, మునిగేవాళ్లకు దొరికిందే చాలు. ఇసుకే అయితే మిగతా బోట్లకు భయం లేదు.

అదనంగా చేసిన ఐదో బుష్షు బీరువాలో ఉంది. ఆమె దాన్ని తెచ్చింది. ప్లగ్గు ఒళ్లంతా నీలం రంగు పలచగా పూసింది. రెండు లోహాలు ఎక్కడ తగులుతున్నాయో చూడాలంటే ఇదే పద్ధతి, తగిలినచోట రంగు అంటుకుంటుంది, తగలనిచోట అంటుకోదు. గుండ్రంగా ఉంటే రంగు చుట్టూరా మసగ్గా అంటాలి. ప్లగ్గును బుష్షులోకి నిటారుగా దించి, తిప్పకుండా పైకి తీసింది. బుష్షును వెలుతురుకు ఎత్తి పట్టి ఇద్దరూ లోపలికి చూశారు.

లోపల మూడు నీలి గీతలు ఉన్నాయి. ఈ చివర నుంచి ఆ చివరికి, సరిసమాన దూరంలో, రూళ్లకర్ర పెట్టి గీసినట్టు మూడు గీతలు. వాటి మధ్య కంచు శుభ్రంగా మెరుస్తోంది.

మౌలా బుష్షును ఆమె చేతిలోంచి తీసుకున్నాడు. లేతుకున్న చక్కు దగ్గరికి వెళ్లాడు. చక్కు అంటే లేతు మీద వస్తువును పట్టుకుని తిప్పే పిడికిలి. పాతదానికి నాలుగు దవడలు ఉండేవి. ఈ వర్షాకాలం ముందు వచ్చిన కొత్తదానికి మూడు. బుష్షు పైన ఆ దవడలు పట్టిన గాట్లు ఇంకా కనబడుతున్నాయి. ఆయన గాట్లకు గాట్లు కలిపి బుష్షును మళ్లీ చక్కులో పెట్టాడు. లోపలి నీలి గీతలు మూడూ ఖచ్చితంగా రెండేసి దవడల నడిమధ్యకు వచ్చి నిలిచాయి.

ఇంక ఎవరూ ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది. తొందరలో ఆయన చక్కు బిగించే చెవికి పట్టు కోసం పొడుగు గొట్టం తగిలించి చక్కును బలంగా బిగించాడు. బుష్షు గోడ పలచనిది. దవడలు నొక్కిన మూడు చోట్లా లోపలికి వంగింది. వంగినదాన్ని వంగినట్టే లోపల గుండ్రంగా చెక్కాడు. చక్కు వదలగానే వంగిన చోట్లు వెనక్కి పోయి ఉబ్బాయి, నొక్కని మూడు చోట్లా మిట్టలు మిగిలాయి. మూడు ముంజల తాటికాయ ఆకారం అన్నమాట. ఒక పక్క మిట్ట, దానికి సరిగ్గా ఎదురుగా ఉబ్బు. అందుకే ముల్లు గేజి ఎటు తిప్పినా వెడల్పు ఒకటే చూపించింది. వెడల్పు అన్ని వైపులా ఒకటే అయినంత మాత్రాన గుండ్రం అయిపోదని, ఆ గదిలో ఉన్న వాటిలో ఒక్క ప్లగ్గుకే తెలుసు. అది లోపలికి పోనని మొండికేసి ఆ సంగతే చెప్పింది. ఊరంతా కలిసి దానికి తుప్పు పట్టిందన్నారు. మంచి మనసుతో దాని ఒళ్లు అరగదీశారు.

మౌలా సామాను పెట్టె మీద కూలబడ్డాడు. ఆయన చేతులు ఒళ్లో వెల్లకిలా పడి ఉన్నాయి.

“ఐదూ ఒకే రోజు చేసినా బిడ్డా,” అన్నాడు. “ఐదూ ఇదే చక్కులో.”

రెండో నంబరు, నాలుగో నంబరు బోట్లు రంగులు వేసుకుంటూ గట్టు మీదే ఉన్నాయి. ఒకటో నంబరు ఎలా వచ్చిందో చూశాం. మూడో నంబరు బోటు తెల్లవారుజామునే సముద్రం మీదకు వెళ్లింది. ఒకటో నంబరుకు ఏమైందో యెహోషువకు తెలియదు. తన కింద తిరుగుతున్న షాఫ్టుకు చుట్టూరా సందు ఉందనీ, అది తన భార్య చూసి ముద్ర కొట్టిన సందనీ మాత్రమే ఆయనకు తెలుసు.

వర్కుషాపులో ఫోను లేదు. బోటులో వైర్‌లెస్సు లాంటిది అసలే లేదు. జయశీల, మౌలా సైకిలు వెనక కూర్చుంది. ఉప్పుటేరు సముద్రంలో కలిసేచోటును అక్కడివాళ్లు మొగ అంటారు. బోట్లు రావాలన్నా పోవాలన్నా దాని గుండానే. వర్కుషాపు నుంచి మొగకు ఇసుకదారి. సగం దూరం తొక్కి, సగం దూరం సైకిలును నెట్టుకుంటూ నడిచారు. ఆమెకు ఆయన మీద కోపం రాలేదు. వస్తే కాస్త తేలికపడేది.

మొగ దగ్గర చిన్నపోలయ్య ఉన్నాడు. వయసులో వేటకు పోయి, ఇప్పుడు ఒడ్డున ఉండి వచ్చే బోట్లకు దారి చూపే పెద్దాయన. గట్టు మీద బోటువాళ్లు కొందరు అలల వంక చూస్తూ కూర్చుని ఉన్నారు. పక్కనే తెల్లగుడ్డ చుట్టిన పొడుగాటి వెదురు కర్ర ఒకటి ఇసుకలో పడుకోబెట్టి ఉంది. అదేమిటని జయశీల అడగలేదు. అడిగే స్థితిలో లేదు. వచ్చిన సంగతి చెప్పి, ఎవరినైనా తెప్ప మీద పంపి, ఇంజను జోరు పెంచవద్దని యెహోషువకు చెప్పించమంది. నెమ్మదిగా నడిపితే షాఫ్టు వేడెక్కదనీ, జోరు పెంచితేనే ముప్పనీ చెప్పింది.

చిన్నపోలయ్య ఆమె మాట పూర్తిగా విన్నాడు. విని, మొగ వైపు చెయ్యి చూపించాడు. ఈశాన్యపు గాలికి అలలు వరసగా లేచి, మొగకు అడ్డంగా తెల్లగా విరిగి పడుతున్నాయి.

“తెప్పుండాది, మనుషులుండారు. సముద్రం ఒప్పుకోదు తల్లీ. ఆ తెలుపు దాటే మొనగాడు ఈ పొద్దు ఈడ లేడు.”

“ఆయన మొగలోకి నెమ్మదిగా వస్తేనో?”

“నెమ్మదిగా వస్తే అల ఎనకనుంచి ఎత్తి పక్కకు పడేస్తాది. మొగలోకి ఎవురొచ్చినా జోరుగా రావాల్సిందే, అల మీద అల తగలకముందే ఏట్లో పడాల.” ఆమె ముఖం చూసి ఆయన గొంతు తగ్గించాడు. “మీ ఆయన తెలివైనోడే. ఈ తెలుపు చూసి బయటే లంగరేసుకుంటాడు. రేపటికి గాలి తగ్గతాది. కూసో.”

కూర్చోక చేసేదేముంది? ఆమె జీవితంలో చేసిన పనంతా ముందుగా కొలవడం. ఫలానా ముక్క పనికొస్తుంది, ఫలానాది రాదు అని జరగకముందే చెప్పడం. ఇప్పుడు ఏం జరుగుతుందో థౌ తేడా లేకుండా తెలుసు. నెమ్మదిగా వస్తే అల, జోరుగా వస్తే బుష్షు. తెలిసి చేతులు ముడుచుకుని ఇసుకలో కూర్చుంది. దీనికన్నా ఏమీ తెలియకపోవడం నయం కదా అని ఆమెకు అనిపించింది. ఏడుపు కూడా రాలేదు. మౌలా కాస్త దూరంలో పడమటికి తిరిగి నమాజు చేసుకుంటున్నాడు. నుదురు ఇసుకకు ఆనించి చాలాసేపు లేవలేదు.

పొద్దు వాలుతుండగా ముందు చప్పుడు వినిపించింది, తర్వాత బోటు కనిపించింది. తుక్కు తుక్కుమంటూ నింపాదిగా వచ్చి, విరిగే అలలకు అవతల ఆగింది. ఇంజను ఆపలేదు, నెమ్మదిగా నడుస్తూనే ఉంది. బోటు ముక్కు గాలికి ఎదురుగా తిరిగి, ఉన్నచోటనే లేస్తూ పడుతూ ఉంది. చిన్నపోలయ్య చెప్పినట్టే యెహోషువ తెలివైనవాడు. తొందరపడలేదు. చిన్నపోలయ్య అది చూసి తృప్తిగా తలూపి, ఎందుకైనా మంచిదని పొడుగు మోకు తేవడానికి గుడిసెల వైపు వెళ్లాడు.

జయశీల లేచి నిలబడింది. భర్త ప్రాణాలతో ఉన్నాడు, కనుచూపు మేరలో ఉన్నాడు. ఇంక ఒక్కటే కావాలి. ఆయన లోపలికి రాకూడదు. గాలి తగ్గిందనో ఆకలనో తొందరపడి బయల్దేరకూడదు. ఆ సంగతి ఎలాగైనా ఆయనకు తెలియాలి. అరిస్తే అలల హోరులో గొంతు తనకే వినపడటం లేదు. మౌలా తలకు చుట్టుకున్న తెల్ల తుండు లాక్కుని ఆమె ఇసుకదిబ్బ ఎక్కింది. రెండు చేతులా పట్టుకుని, ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు ఊపింది. వద్దు, రావద్దు, అక్కడే ఉండు. భుజాలు లాగేస్తున్నా ఆపకుండా ఊపింది. మౌలా కూడా దిబ్బ మీదకు వచ్చి ఆమె పక్కన నిలబడి చేతులు ఊపాడు. ఆయనది కోట అనే ఊరి దగ్గర మెట్ట పల్లె. సముద్రం సంగతి ఆమెకెంత తెలుసో ఆయనకూ అంతే తెలుసు.

బోటులో ఒక మనిషి లేచి నిలబడ్డాడు. చెయ్యెత్తి ఊపాడు. యెహోషువే. జయశీలకు గుండెల మీద బరువు దిగిపోయింది. అర్థమైంది ఆయనకు. పొద్దుటి నుంచి మొదటిసారి ఆమె గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

బోటు ముక్కు ఒడ్డు వైపు తిరిగింది.

మోకు భుజాన వేసుకుని వస్తున్న చిన్నపోలయ్య దూరం నుంచే దిబ్బ మీద ఊగుతున్న తెలుపు చూశాడు. మోకు ఇసుకలో పారేసి పరిగెత్తుకొచ్చాడు. వచ్చి, ఆమె చేతుల్ని తుండుతో సహా కిందికి దించి పట్టుకున్నాడు. ఒగరుస్తూ అడిగాడు.

“ఎవురు చెప్పినారమ్మా నీకు ఊపమని? ఈడ తెల్లగుడ్డ ఊపినామంటే, మొగ బాగుండాది, జోరుగా వచ్చెయ్యమని.”

జయశీల ఇసుకలో పడుకోబెట్టి ఉన్న వెదురు కర్ర వంక చూసింది. పొద్దుటి నుంచి ఆయన దాన్ని ఎందుకు ఎత్తలేదో ఇప్పుడు తెలిసింది. తెలిసి ఏం లాభం? మొగలోకి దిగిన బోటు వెనక్కి తిరగలేదు. తుక్కు తుక్కుమనే చప్పుడు కలిసిపోయి ఒకటే మోతగా పెరుగుతోంది. యెహోషువ ఇంజను పూర్తిగా తెరిచాడు. ఇది ఆమె చూసిన బుష్షే కదా, ఆయనకేం భయం?

మొదటి అలను బోటు గెలిచింది. ఒడ్డునున్న బోటువాళ్లు లేచి నిలబడ్డారు. రెండో అల మీద అది ఇంత ఎత్తున లేచి దిగింది. మోత బరువెక్కింది. ఎత్తుదారి ఎక్కే లారీలా మూలగసాగింది. జయశీల రెండు చేతులా ఆ తుండును మెలితిప్పుతూ, జోరు తగ్గించు, తగ్గించు అని గొణుగుతోంది. మౌలా కళ్లు మూసుకున్నాడు.

మోత ఆగిపోయింది.

ఒడ్డున ఎవరో మెచ్చుకోలుగా, డ్రైవరు గట్టివాడు, అల ఊపు దొరికిందని ఇంజను ఆపేసినాడు అన్నారు. అది ఆయన ఆపింది కాదని ఆ దిబ్బ మీదున్న ముగ్గురికే తెలుసు. బోటు ఇంకొంచెం దూరం ఊపు మీద వచ్చింది. తర్వాత దాని ముక్కు మెల్లగా ఒడ్డు నుంచి పక్కకు తిరగసాగింది. చిన్నపోలయ్య ఆమె చేతులు వదిలేసి నీళ్లలోకి పరిగెత్తాడు. బోటు పూర్తిగా అడ్డం తిరిగింది. యెహోషువ వంగి ఇంజనుతో పెనుగులాడుతున్నాడు. వెనక లేస్తున్న మూడో అలను ఆయన ఇంకా చూడలేదు.